మూడు వారాలకే కాలి ఎముక నొప్పి: 5 కి.మీ. పరుగు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, 10 కి.మీ. దాకా ఎలా వెళ్లాలి

మీ ప్రశ్నలోని వివరాలు ముందు ఒకచోట పెడతాను, కింది లెక్కలన్నీ వాటి మీదే వేశాను. వయసు 36, బరువు 86 కిలోలు, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. మూడు వారాలుగా ఒక్కరోజూ మానకుండా 2 కి.మీ. పరుగెత్తుతున్నారు, మధ్యలో ఆగినవి కలిపి 13 నిమిషాలు పడుతోంది. 400 మీటర్లు దాటేసరికి ఆయాసంతో ఆగిపోయి, గుక్క తిప్పుకుని మళ్లీ మొదలుపెడుతున్నారు. వాచీ హార్ట్ రేట్ 175 చూపిస్తోంది. వారం నుంచి రెండు కాళ్లలోనూ మోకాలి కింద ఎముక లోపలి అంచున నొప్పి. మూడు నెలల్లో ఆగకుండా 5 కి.మీ., ఏడాదిలో గంటలోపు 10 కి.మీ., వీటితోపాటు బరువు తగ్గడం మీ లక్ష్యాలు.

సూటిగా జవాబు: రోజూ పరుగెత్తడం ఇవాళ్టితో ఆపండి. వారం పది రోజులు నడక మాత్రమే. తర్వాత రోజు విడిచి రోజు, నడకా పరుగూ కలిపి, ఇప్పటి వేగం కంటే కిలోమీటరుకు రెండున్నర నిమిషాలు నెమ్మదిగా. 5 కి.మీ.కి మూడు నెలలు చాలవు, నాలుగు పెట్టుకోండి. 10 కి.మీ. గంటలోపు అనేది ఏడాదిలో అందుకోగలిగిందే. కానీ 5 కి.మీ. 29 నిమిషాల్లోపు వచ్చేదాకా దాని గురించి ఆలోచించకండి.

ముందు ఆ నొప్పి ఏమిటో తేల్చుకోండి

కుర్చీలో కూర్చుని ఒక కాలు రెండో మోకాలి మీద వేసుకోండి. చీలమండ లోపలి గుబ్బ దగ్గర మొదలుపెట్టి, ఎముక లోపలి అంచు వెంబడే బొటనవేలితో నొక్కుతూ పైకి రండి. నాలుగు వేళ్ల వెడల్పులోనో అంతకంటే ఎక్కువ మేరలోనో, ఇక్కడా అక్కడా అని తేడా లేకుండా సలుపుతుంటే అది చాలావరకు షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు భారానికి మోకాలి కింది ఎముక (షిన్) అంచున వచ్చే నొప్పి. దీని తీరు ఇంకోటి కూడా చెబుతుంది: పరుగు మొదట్లో నొప్పి ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, ఆపిన కాసేపటికి మళ్లీ వస్తుంది.

అలా కాకుండా వేలి కొన పట్టేంత ఒక్క చోట మాత్రమే నొక్కగానే ప్రాణం జివ్వుమంటే, మామూలు నడకలోనూ నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నాక కూడా పోటు పెడుతుంటే, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోతే, అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు. అప్పుడు కింద రాసిన ప్రణాళిక మీకు వర్తించదు. ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదటి రెండు మూడు వారాల్లో ఇలాంటి పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవడం మామూలే. అందుకే ఎక్స్‌రే బాగుందన్న మాట ఒక్కటి పట్టుకుని మళ్లీ పరుగుకు దిగొద్దు, అవసరమైతే ఎం.ఆర్.ఐ. గురించి అడగండి. పరుగెత్తేటప్పుడు పిక్క బిగుసుకుని, పాదం తిమ్మిరెక్కి, ఆపిన పది నిమిషాల్లో అంతా సర్దుకుంటుంటే అది ఈ రెండూ కాదు. అదీ డాక్టర్‌కి చూపించాల్సిందే.

రెండు కాళ్లలోనూ ఒకేసారి వచ్చింది, అంచు పొడవునా ఉంది అంటున్నారు కాబట్టి షిన్ స్ప్లింట్స్ అనుకునే ముందుకు వెళ్తున్నాను.

ఊపిరి ఆడకపోవడమే మీ అసలు సమస్య అనుకుంటున్నారు గానీ, నా లెక్కలో అది రెండో సమస్య. పరుగు మొదలుపెట్టిన వారం రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా (ద్రవభాగం) పరిమాణం పెరుగుతుంది, గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది, దాంతో ఆయాసం తగ్గినట్టు తెలుస్తుంది. ఎముకది వేరే లెక్క. కొత్త బరువు పడినప్పుడు అది ముందు పాత భాగాన్ని తొలిచేస్తుంది, ఆ తర్వాతే అక్కడ కొత్తది నింపుతుంది. ఈ తొలవడం, నింపడం పూర్తికావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తొలిచేసి ఇంకా నింపని ఆ మధ్య వారాల్లో ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకీ నెలలే కావాలి. మూడో వారంలో నొప్పి రావడం అందుకే: ‘ఇప్పుడు పర్వాలేదు, ఇంకాస్త దూరం పోదాం’ అని ఊపిరి చెప్పే రోజులూ, కాలి ఎముక బాగా డీలాపడి ఉండే రోజులూ ఒకటే.

దెబ్బల లెక్క కూడా చూడండి. నిమిషానికి 160 అడుగుల చొప్పున 2 కి.మీ.కు సుమారు 2,000 అడుగులు, అంటే ఒక్కో కాలికి వెయ్యి. పరుగులో ఒక్కో అడుగు శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లు మోపుతుంది. మీ బరువుకు తక్కువలో తక్కువ 170 కిలోలు. రోజుకు వెయ్యి సార్లు, మధ్యలో ఒక్క సెలవు రోజు లేకుండా.

ఈ వారం పది రోజులు చదునైన నేల మీద నడవండి. సైకిలు, ఈత అలవాటుంటే చేసుకోండి, ఊపిరి సామర్థ్యం జారిపోకుండా ఉంటుంది. ఐస్ పెడితే నొప్పి తెలియకుండా ఉంటుందే తప్ప ఎముక తొందరగా మానదు. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పరుగెత్తకండి, ఎక్కడ ఆపాలో చెప్పే ఒక్క సంకేతాన్నీ అది నొక్కేస్తుంది. మళ్లీ మొదలుపెట్టడానికి మూడు షరతులు. 40 నిమిషాల చురుకైన నడక వరసగా మూడు రోజులు నొప్పి లేకుండా సాగాలి. ఒంటికాలి మీద పదిసార్లు గెంతినా నొప్పి ఉండకూడదు. అంచు వెంబడి నొక్కితే నొప్పి పదికి రెండు దాటకూడదు. మూడూ కుదిరేదాకా ఆగండి, పది రోజులు పదిహేను అయినా సరే.

400 మీటర్లకే ఎందుకు ఆగిపోతున్నారు

13 నిమిషాల్లో ఆగిన సమయం తీసేస్తే, కదులుతున్నప్పుడు మీ వేగం కి.మీ.కు 5:30 నుంచి 6:00 మధ్య ఉంటుంది. ఏడాది చివర 10 కి.మీ.కు మీరు కోరుకుంటున్న వేగం కి.మీ.కు సరిగ్గా 6 నిమిషాలు. అంటే ఏడాది తర్వాతి వేగంతో ఈ రోజే పరుగెత్తుతున్నారు, కాబట్టే 400 దాటడం లేదు. ఊపిరితిత్తుల్లో లోపమేమీ వెతకక్కర్లేదు.

మీరు మొదలుపెట్టాల్సిన వేగం కి.మీ.కు 8:00 నుంచి 9:00. ఇది చురుగ్గా నడిచేవాళ్ల కంటే కాస్తే ఎక్కువ. చూసేవాళ్లకు పరుగో నడకో తేలనంత నెమ్మది. మొదట్లో సిగ్గనిపిస్తుంది, సగం మంది ఆ సిగ్గుతోనే వేగం పెంచి వారం తిరక్కుండా కాలు పట్టుకుని కూర్చుంటారు. వాచీలో అంకె కంటే మాటల పరీక్ష మేలు: పరుగెత్తుతూ పది పన్నెండు పదాల వాక్యం ఒకటి, మధ్యలో గాలి మింగకుండా, పైకి చెప్పగలగాలి. మూడు నాలుగు పదాలకే తెగిపోతే వేగం ఎక్కువైనట్టు. పాట పాడగలిగితే మరీ నెమ్మది, కానీ మొదటి నెలలో ఆ తప్పు వల్ల నష్టం లేదు.

ఇక 175 సంగతి. 220 లోంచి వయసు తీసేస్తే మీకు 184 వస్తుంది. 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేసే ఇంకో సూత్రం ఉంది, దాని ప్రకారం 183. రెండూ జనాభా సగటులే. ఒకే వయసువాళ్లలో అసలు గరిష్ఠం ఇంతకంటే పది పదిహేను అటూ ఇటూ ఉండటం సర్వసాధారణం. శక్తి కొద్దీ పరుగెత్తితే 175 రావడంలో వింతేమీ లేదు. పైగా మణికట్టు మీద వాచీ వెలుతురుతో కొలుస్తుంది. పట్టీ వదులుగా ఉంటే గుండె లయకు బదులు అడుగుల లయను పట్టుకుంటుంది, మీరు నిమిషానికి 165–175 అడుగులు వేస్తుంటే అదే అంకెను హార్ట్ రేట్‌గా చూపించేస్తుంది. పట్టీని మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైకి జరిపి బిగించండి. అనుమానం తీరకపోతే ఆగి, మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి.

అంకె ఎంత ఉన్నా సరే, పరుగులో ఛాతీ పట్టేసినట్టుండటం, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టర్, తర్వాతే పరుగు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకూ అదే మాట.

పదిహేను వారాల లెక్క

వారానికి మూడు రోజులు, రెండు పరుగుల మధ్య కనీసం ఒక రోజు ఖాళీ. ప్రతిసారీ ముందు 5–7 నిమిషాల చురుకైన నడక, చివర 5 నిమిషాల నెమ్మది నడక, ఇవి కింది అంకెల్లో కలపలేదు. మొదటి అంకె పరుగు నిమిషాలు, రెండోది నడక.

1వ వారం: 1 పరుగు, 2 నడక, ఎనిమిది సార్లు.
2వ వారం: ఒకటిన్నర, 2, ఏడు సార్లు.
3వ వారం: 2, 2, ఆరు సార్లు.
4వ వారం: 2, 2, నాలుగు సార్లే. ఇది తేలిక వారం.
5వ వారం: 3, 2, ఐదు సార్లు.
6వ వారం: 4, 2, ఐదు సార్లు.
7వ వారం: 5, 2, నాలుగు సార్లు.
8వ వారం: 4, 2, మూడు సార్లు. మళ్లీ తేలిక.
9వ వారం: 8, 2, మూడు సార్లు.
10వ వారం: 12, 2, రెండు సార్లు.
11వ వారం: రెండు రోజులు 10, 2, రెండు సార్లు, మూడో రోజు 20 నిమిషాలు ఆగకుండా.
12వ వారం: రెండు రోజులు 20 నిమిషాలు, ఒక రోజు 25.
13, 14, 15 వారాల్లో ఒక్క రోజు మాత్రమే 30, 35, 40కి పెంచండి. మిగతా రెండు రోజులూ 20–25 దగ్గరే ఉంచండి.

40 నిమిషాలు కి.మీ.కు 8 చొప్పున అయితే అదే 5 కి.మీ. ఇంటర్నెట్‌లో దొరికే ప్రణాళికల్లో బాగా చెలామణిలో ఉన్నది తొమ్మిది వారాల ‘కౌచ్ టు 5కె’. అది చెడ్డదేం కాదు. కానీ అందులో ఐదో వారం చివర ఒక్కసారిగా 20 నిమిషాల పరుగు వస్తుంది, చివరి రోజు లక్ష్యం చాలామందికి 30 నిమిషాల పరుగే తప్ప నిజంగా 5 కి.మీ. కాదు. ఎముక ఒకసారి మొరాయించిన మీకు ఆ మెట్టు మరీ ఎత్తు.

తేలిక వారాలు దాటేయకండి. మూడో వారం అయ్యేసరికి హుషారుగా ఉంటుంది, నాలుగో వారంలో తగ్గించడం దండగనిపిస్తుంది. పైన చెప్పిన తొలవడం–నింపడం లెక్కలో మీకు ఆ వారమే బాగా అవసరం. ఒక వారం కష్టంగా అనిపిస్తే అదే వారాన్ని మళ్లీ చేయండి. తప్పిపోయిన రోజును మర్నాడు కలిపి తీర్చకండి, పోయింది పోనివ్వండి.

ఒక్క రోజు ఎలా గడవాలో దగ్గరనుంచి చూస్తే, రెండో వారం మొదటి రోజే తీసుకోండి. నడక అయ్యింది. మొదటి తొంభై సెకన్లలో కాళ్లు బరువుగా, ఊపిరి ఎగుడుదిగుడుగా ఉంటుంది. అది తయారు కాని శరీరం చేసే గోల, పట్టించుకోవద్దు. మూడో విడతకి ఊపిరి ఒక లయలో పడుతుంది. వేగం దొంగతనంగా పెరిగేదీ అక్కడే. అక్కడ పాదాల చప్పుడు వినండి: ‘ధప్ ధప్’మని మోగుతుంటే అంగ పొడుగైంది, తగ్గించండి. ఐదో విడతలో మాటల పరీక్ష. ఏడో విడత మొదటి విడత కంటే వేగంగా ఉండకూడదు, నెమ్మదిగానూ ఉండకూడదు. ఆపేసరికి ‘ఇంతేనా, ఇంకో రెండు విడతలు చేయొచ్చే’ అనిపించాలి. చేయకండి. ఆ మిగులుతోనే మూడో వారంలోకి వెళ్తారు.

నొప్పికి ఒక సూత్రం పెట్టుకోండి. పరుగులో పదికి రెండు వరకూ పర్వాలేదు, మర్నాడు మంచం దిగేటప్పటికి అది పోయి ఉండాలి. పదికి నాలుగైతే ఆ రోజు అక్కడే ఆపి నడిచి రండి. మర్నాడు పొద్దున నిన్నటి కంటే ఎక్కువుంటే తర్వాతి పరుగు మానేసి, ఒక వారం వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి.

అంగ, అడుగు

పాదం మడమ మీద పడాలా, మునివేళ్ల మీద పడాలా అన్న వాదన మీకిప్పుడు అనవసరం. మడమ మీద పడటం నేరం కాదు. బలవంతంగా మునివేళ్ల మీదకి మారితే భారం మోకాలి మీంచి పిక్కకీ మడమ వెనకి స్నాయువుకీ మారుతుంది, అంతే. మీ షిన్ నొప్పికి అది అసలే మంచిది కాదు. చూడాల్సింది పాదం ఎక్కడ పడుతోందన్నది. మోకాలికి బాగా ముందు, కాలు చాచి పడుతుంటే ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టే.

దాన్ని సరిచేయడానికి తేలిక దారి అడుగుల సంఖ్య. కుడిపాదం నేలకు తగలడం 30 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 152 వచ్చిందనుకుందాం, అదే వేగంలో 160కి తీసుకెళ్లండి, అంటే ఐదు శాతం. అంగ దానంతటదే పొట్టిదవుతుంది, మోకాలి మీద, తుంటి మీద భారం తగ్గుతుంది. లయగా టిక్ టిక్ మనే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని ఒక్కో విడతలో ఒక నిమిషం చేస్తే చాలు. 180 ఉండి తీరాలన్నది మాత్రం నమ్మకండి. ఆ అంకె 1984 ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ మేటి అథ్లెట్ల అడుగులు లెక్కపెట్టడం నుంచి వచ్చింది. వాళ్ల వేగం వేరు, మీ 8:30 వేరు.

చేతులు, భుజాల గురించి ఒక్కటే మాట: పిడికిళ్లు బిగించకండి. పిడికిలి బిగిస్తే భుజాలు చెవుల దగ్గరికి వచ్చేస్తాయి.

షూస్

పొడవైన వేలికీ షూ ముందు భాగానికీ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, కొలత అప్పుడు చూడండి, పరుగుకు వేసుకునే సాక్స్‌తోనే. మడమ పైకి లేస్తుంటే అన్నిటికంటే పై రంధ్రంలోంచి కూడా లేసు తీసి బిగించండి. అరికాలి వంపును బట్టి షూ కేటాయిస్తే గాయాలు తగ్గుతాయన్న సిద్ధాంతం పరీక్షల్లో నిలబడలేదు. వేసుకుని నాలుగడుగులు పరుగెత్తితే హాయిగా ఉన్నదే మీది. ముందు భాగం కంటే మడమ 8–12 మి.మీ. ఎత్తుగా ఉన్నవి పిక్క మీద భారం తగ్గిస్తాయి, ప్రస్తుతానికి వాటి వైపే మొగ్గండి. అడుగు భాగంలో గట్టి కార్బన్ రేకు ఉండే పోటీ షూస్ వద్దు. ఒక జత 500 నుంచి 800 కి.మీ. వస్తుంది, మీ బరువుకు కింది అంకె దగ్గర పెట్టుకోండి. అడుగు భాగం అరిగిందా లేదా అన్నదాని కంటే మధ్యలో ఫోమ్ చచ్చుబడిపోవడం ముఖ్యం. అది కంటికి కనపడదు, అందుకే కిలోమీటర్లు రాసిపెట్టుకోవాలి.

కాలికి బలం

ఇది మానేసి పరుగు మాత్రమే చేసేవాళ్లే ఎక్కువ. మీ విషయంలో మాత్రం పరుగు ఒక రోజు మానినా సరే, ఇది మానకండి. నెమ్మది పరుగులో ఎక్కువ భారం మోసేది పిక్క లోపలి పొరలో ఉండే సోలియస్ కండరం. అది అలిసిపోతే ఆ భారమంతా మీకు నొప్పి పుడుతున్న ఎముక అంచు మీదకే వెళ్తుంది.

వారానికి రెండుసార్లు, 20 నిమిషాలు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు సెకన్లలో పైకి లేచి మూడు సెకన్లలో కిందికి దిగండి, 12 చొప్పున మూడు విడతలు. అదే మోకాళ్లు కొద్దిగా వంచి ఇంకో మూడు విడతలు, సోలియస్‌కు పని చెప్పేది ఈ రెండోదే. మూడు వారాల తర్వాత ఒంటికాలి మీదకి మారండి. ఒక్కో కాలితో ఆగకుండా 20–25 చేయగలగడం మీ గమ్యం, ఇప్పుడు బహుశా పది దగ్గరే ఆగిపోతారు. గోడకు వీపు ఆనించి, మడమలు ఒక అడుగు ముందుకు పెట్టి, పాదం ముందు భాగాన్ని పైకెత్తడం 20 చొప్పున రెండు విడతలు. కుర్చీ ఎత్తు దాకా గుంజీలు 10 చొప్పున మూడు, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం 12 చొప్పున మూడు, పక్కకు తిరిగి మోచేతి మీద ప్లాంక్ (ఒంటిని బల్లలా తిన్నగా ఎత్తి ఉంచడం) అటొక 30 సెకన్లు, ఇటొక 30. పరుగు రోజే, పరుగు అయ్యాక చేస్తే ఖాళీ రోజు నిజంగా ఖాళీగా మిగులుతుంది.

పరుగుకు ముందు నిలబడి కాలు పట్టుకుని లాగే స్ట్రెచింగ్ గాయాలను ఆపదు. నడకా, కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడమూ చాలు.

దారిలో ఎదురయ్యే మిగతా నొప్పులు

మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచినప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తే, దూరం తగ్గించి అడుగుల సంఖ్య పెంచండి, తొడ, తుంటి వ్యాయామాలు మానకండి. మోకాలి బయటి పక్కన ప్రతిసారీ అదే దూరానికి ఠంచనుగా మొదలయ్యే నొప్పి ఐ.టి. బ్యాండ్‌ది (తొడ బయటి పక్క పొడవునా మోకాలి దాకా ఉండే పట్టీ), ఆ దూరానికి ముందే ఆపడం, దిగుడు రోడ్లు మానడం దానికి మందు. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో మడమ కింద పొడిచినట్టుంటే అరికాలి పట్టీ వాచింది. డొక్కలో పోటు ప్రమాదం కాదు. పరుగుకు ముందు రెండు మూడు గంటల్లోపు కడుపునిండా తిన్నా, ఒకేసారి ఎక్కువ నీళ్లు తాగినా వస్తుంది. నడకలోకి దిగి, ఆ చోట వేళ్లతో నొక్కుతూ ముందుకు వంగి గట్టిగా గాలి వదిలితే తగ్గుతుంది. కాలిగోరు నల్లబడితే షూ చిన్నది. తొడలు ఒరుసుకుంటే పెట్రోలియం జెల్లీ.

బరువు

పరుగుకు ఖర్చయ్యేది స్థూలంగా కిలో బరువుకు, కి.మీ.కు 1 కేలరీ. 86 కిలోల మనిషి 5 కి.మీ.కు సుమారు 430. వారానికి మూడుసార్లంటే 1,290. కిలో కొవ్వుకు 7,700 కేలరీలు అనుకుంటే, తిండి ఏమాత్రం పెరగకపోతే వారానికి 170 గ్రాములు. నెలకు ముప్పాతిక కిలో కూడా రాదు. పరుగు తర్వాత ఆకలి పెరుగుతుంది కాబట్టి చాలామందికి ఆ కాస్తా రాదు. బరువు తగ్గేది ప్రధానంగా తిండి దగ్గరే, పరుగు దానికి తోడు. కానీ మొదటి రెండు నెలల్లో తిండి గట్టిగా తగ్గించకండి. కడుపు మాడ్చుకుంటే ఎముక నింపుకోవడానికి సరుకుండదు, షిన్ నొప్పి తిరగబెడుతుంది. రోజుకు 300 కేలరీల లోటు దాటకుండా, ప్రొటీన్ శరీర బరువులో కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే మీకు సుమారు 105 నుంచి 135 గ్రాములు ఉండేలా చూసుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఈ అంకె డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి. ఇది చదువుతున్న ఆడవాళ్లకు ఒక మాట: పరుగు పెంచాక నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్ గుర్తు కాదు, తిండి చాలడం లేదన్న హెచ్చరిక.

గంట లోపు పరుగుకు నీళ్లు తప్ప ఏ డ్రింకూ అక్కర్లేదు. దాహం వేసినప్పుడు తాగండి. ఎండలో వేగం పట్టుకుని వేలాడకండి. చర్మానికి రక్తం పంపాల్సి రావడంతో అదే వేగానికి హార్ట్ రేట్ ఎక్కువ చూపిస్తుంది. శరీరం వేడికి అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, అప్పటిదాకా మాటల పరీక్షే కొలత.

గంటలో 10 కి.మీ.

ఒక దూరంలో వచ్చిన సమయం నుంచి ఇంకో దూరాన్ని అంచనా వేయడానికి అమెరికన్ ఇంజనీరు పీట్ రీగెల్ సూత్రం ఉంది: దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచి పాత సమయంతో గుణించాలి. దూరం రెట్టింపయితే సమయం సుమారు 2.085 రెట్లు. ఈ లెక్కన 40 నిమిషాల 5 కి.మీ. అంటే 10 కి.మీ.కు 83 నిమిషాలు. గంటలో రావాలంటే 5 కి.మీ. 28 నిమిషాల 45 సెకన్ల దగ్గర ఉండాలి. మీరు దాటాల్సిన దూరం అదన్నమాట: 40 నుంచి 28:45కి.

అందులో పెద్ద భాగం వేగపు సాధన లేకుండానే వస్తుంది. 15వ వారం తర్వాత ఇంకో రెండు నెలలు వేగం ఊసే ఎత్తకుండా, నాలుగో రోజు కలిపి, వారానికి 12 నుంచి 20–22 కి.మీ.కు తీసుకెళ్లండి. మూడు వారాలు పెంచి ఒక వారం పావు వంతు తగ్గించడం ఇక్కడా వర్తిస్తుంది. వారం మొత్తం కంటే ఒక్క పరుగు పొడవును జాగ్రత్తగా చూసుకోండి. గత నెల రోజుల్లో మీరు చేసిన అతి పొడవైన పరుగుకు పదో వంతు మించి ఏ రోజూ కలపకండి.

ఆ తర్వాత మొదట స్ట్రైడ్స్: నెమ్మది పరుగు చివర 20 సెకన్ల చురుకైన పరుగు నాలుగు సార్లు, మధ్యలో నిమిషం నడక. నాలుగు వారాలు ఇవి పడ్డాక వారానికి ఒక్కరోజు 400 మీటర్ల విడతలు. ఆ వేళకు మీ 5 కి.మీ. 33 నిమిషాలు ఉంటే విడత 2:35–2:38 లో, మధ్యలో రెండు నిమిషాల నడక, నాలుగు సార్లతో మొదలుపెట్టి ఎనిమిది దాకా. చివరి విడత మొదటి దాని కంటే ఐదు సెకన్లకు మించి వెనకబడితే మొదటిది వేగంగా చేసినట్టు. మిగతా మూడు రోజులూ మాటల పరీక్ష వేగమే. ఆ మూడు రోజుల్ని కూడా కొంచెం కొంచెం వేగంగా చేసేయడమే ఈ దశలో అందరూ పడే గుంట, దాంతో తేలిక రోజు తేలికా కాదు, కష్టమైన రోజు కష్టమూ కాదు. 400 మీటర్లను జీపీఎస్ వాచీతో కొలవకండి, మలుపుల్లో తప్పుతుంది. ట్రాక్ ఉంటే లోపలి లేను, లేకపోతే ఒకసారి కొలిచిపెట్టుకున్న తిన్నని దారి.

జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో కఫం ఉంటే పరుగు లేదు. ముక్కు కారడం వరకే అయితే తేలిక పరుగు చేయొచ్చు. వారం లోపు విరామం వల్ల ఏమీ పోదు, ఆపిన చోటే మొదలుపెట్టండి. రెండు మూడు వారాలు ఆగితే సగం దూరంతో మొదలుపెట్టి రెండు వారాల్లో పాత చోటికి రండి.

ఒక నోటు పుస్తకంలో రోజూ నాలుగే అంకెలు రాయండి: పరుగు నిమిషాలు, పదికి ఎంత కష్టంగా అనిపించింది, పొద్దున లేవగానే నొక్కి చూసిన ఎముక నొప్పి పదికి ఎంత, షూ మొత్తం కిలోమీటర్లు. మూడో అంకె వరసగా రెండు పొద్దుటలు పెరిగితే ఆ వారం మిగిలిన పరుగులు నడక చేసేయండి. రెండు వారాలు నడక మాత్రమే చేసినా ఆ అంకె దిగకపోతే, ఈ పుస్తకం పట్టుకుని ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎప్పుడు మొదలైంది, ఎంత పరుగుకు ఎంత పెరిగింది అన్నవే ఆయన మొదట అడిగేవి, అవన్నీ అందులో ఉంటాయి.